మనిషి గడువు వేరు, బండి గడువు వేరు

(పిల్లల దగ్గరికి ఆర్నెల్లు పోయే తల్లిదండ్రులకూ, సొంత బండ్ల మీద దేశం దాటాలనుకునే పడుచుపిల్లలకూ కలిపి నల్లగొండలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్తే. పాస్‌పోర్టులు వెంట తెచ్చుకొమ్మన్నం కద, ముందు వీసా అంటించిన పేజీ తీయండి. అమెరికా వీసా ఉన్నోళ్లకు దాని మీద రెండు తేదీలు కనబడతయి. ఒకటి ఇచ్చిన తేదీ, రెండోది గడువు తీరే తేదీ. మామూలుగా పదేండ్ల తేడా ఉంటది. ఇగ ఆ రెండో తేదీని చూసి చానామంది ఏమనుకుంటరంటే, పదేండ్ల వీసా వచ్చింది, పిల్లగాని దగ్గర ఎన్నాళ్లయినా ఉండొచ్చు అని. ఉండరాదు. ఆ తేదీ దాకా మీరు అమెరికా గడప దాకా పోవచ్చు, గంతే. లోపలికి పోయినంక ఎన్ని రోజులుండాలన్నది దిగినప్పుడు కౌంటర్ల కూసున్న ఆఫీసరు చెప్తడు. ఆయన చెప్పింది మీ స్టిక్కర్ మీద ఉండదు. ఐ-94 అనే రికార్డులో ఉంటది.

ఇయ్యాల మాట్లాడేదంతా ఈ ఒక్క ముచ్చట చుట్టే. వీసా గడువు ఒకటి, ఉండే గడువు ఇంకొకటి. బండి నడిపితే లైసెన్సు గడువు మూడోది. బండినే తీసుకపోతే బండి గడువు నాలుగోది. ఇవి ఒకదాన్ని ఒకటి అడగవు, ఒకదాని కోసం ఇంకొకటి ఆగదు. ఏది ముందు తీరితే అదే మిమ్మల్ని పట్టుకుంటది.

ఐ-94 దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతం, ఎందుకంటే ఇక్కడున్న పెద్దమనుషుల్లో ఎక్కువమంది పోయేది అటే.

బీ1, బీ2 వీసా మీద, అంటే పని మీదనో చుట్టపుచూపుగనో పోయినోళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తరు. మే 10న దిగితే నవంబర్ 9 దాకా. గమనించండి, నవంబర్ 10 కాదు. 9 నాడు విమానం ఎక్కినా సరే, 10 నాడు ఎక్కితే ఒక్క రోజు ఎక్కువ ఉన్నట్టే. దిగినంక రెండు మూడు రోజుల్లోనే పిల్లలతో ఆ రికార్డు తీపించాలె. అమెరికా కస్టమ్స్, బార్డర్ ప్రొటెక్షన్ వాళ్ల ఐ-94 సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తది, దానికి పైసలు లేవు. ఆ పేజీలో మూడు చూడాలె. దిగిన తేదీ సరిగ్గ ఉన్నదా, క్లాస్ ఆఫ్ అడ్మిషన్, అంటే ఏ తరగతి కింద రానిచ్చిన్రో, అక్కడ బీ2 అని ఉన్నదా, అడ్మిట్ అన్‌టిల్ డేట్, అంటే ఉండే గడువు, ఎంత ఉన్నది. ఈ మూడోది వాళ్ల పద్ధతిలో నెల ముందు, తేదీ వెనక ఉంటది. 03/08 అని కనబడితే మన కంటికి ఆగస్టు మూడు, వాళ్లకు మార్చి ఎనిమిది. ఐదు నెలల తేడా. తేదీ పన్నెండు దాటితే అనుమానం రాదు గని, పన్నెండు లోపు పడ్డోళ్లు మోసపోతరు.

రికార్డు దొరకకపోతే గాబరా పడొద్దు. మన పేర్ల తిప్పలు అక్కడ్నుంచే మొదలైతయి. పాస్‌పోర్టులో ఒకే పెట్టెలో మొత్తం పేరు ఉండి రెండోది ఖాళీగ ఉంటే, అమెరికా వీసాలో ఖాళీ ఉన్న చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తరు. మొదటి పేరు తెలియదు అన్నదానికి అది పొట్టి రూపం. వెతికేటప్పుడు మొదటి పేరు దగ్గర ఆ మూడక్షరాలు కొట్టి చూడాలె. అట్ల కూడ రాకపోతే ఇంటిపేరు, సొంత పేరు తారుమారు చేసి కొట్టాలె. తేదీ గాని, బీ2 బదులు ఇంకేదన్న గాని తప్పు పడితే, డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ అనే ఆఫీసులు ఉంటయి, చాలావరకు పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గర. పాస్‌పోర్టు పట్టుకొని అక్కడికి పోతే దిద్దుతరు. దిగిన వారంలో పోయినోళ్ల మాట నడుస్తది. ఐదో నెల అయినంక పోయి ‘అప్పుడే తప్పు పడ్డది’ అంటే, ఇన్నాళ్లు ఏం చేసిన్రు అని అడుగుతరు.

ఆరు నెలలు ఇయ్యకుంట తక్కువ ఇచ్చే సందర్భం ఒకటి ఉన్నది. పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే ఆ తేదీ దాకనే రాసిచ్చే ఆఫీసర్లు ఉన్నరు. పాస్‌పోర్టు నవంబర్‌లో తీరుతదంటే, జూన్‌లో దిగినా డిసెంబర్ దాక రాకపోవచ్చు. టికెట్ కొనే ముందే పాస్‌పోర్టు కనీసం ఏడాది మిగిలున్నదా చూసుకోవాలె. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నయి, దానికోసం హైదరాబాదు ఉరకాల్సిన పని లేదు. పాత పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటే అది అట్లనే చెల్లుతది. కొత్తదీ పాతదీ రెండూ పట్టుకొని పోవాలె. పాతదాన్ని కొత్తదానికి దారం వేసి కుట్టుకొని పోయేటోళ్లు ఉన్నరు, కుట్టాల్సిన పని లేదు, వీసా పేజీకి సూది తగిలిందంటే అదొక కొత్త తలనొప్పి.

(ముందు వరుస నుంచి ఒకరు: పొడిగింపు దొరుకుతదా?)

దొరుకుతది. బిడ్డ కాన్పు అనుకున్న దానికన్న వెనక్కి పోయింది, మీకే ఆపరేషన్ అయ్యింది, ఇసుంటి కారణాలకు అడుగొచ్చు. ఫారం పేరు ఐ-539. ఐ-94 తేదీ తీరకముందే అది వాళ్లకు చేరాలె. కనీసం 45 రోజుల ముందు పంపమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖే చెప్తది. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌ల కడితే 420 డాలర్లు, కాగితం మీద పంపితే 470. కట్టే రోజు సైటులో ఒకసారి చూసుకోండి, ఫీజులు ఆగి ఉండవు. భార్యాభర్తలిద్దరికీ ఒకే ఫారం చాలు, రెండోవాళ్లకు ఐ-539ఏ జత చేయాలె. ఎందుకు ఉండాలో ఒక లెటర్, పిల్లల జీతం కాగితాలు, వాపస్ టికెట్, అడిగే కాలం మొత్తానికి గడువున్న పాస్‌పోర్టు, ఇవి జతకావాలె. ఉత్తరంలో ‘మనవరాలిని చూసుకోనీకి’ అని రాయొద్దు. పిల్లను చూసుకునుడు మనకు ప్రేమ, వాళ్ల కండ్లకు జీతం లేని ఆయా పనిలాగ కనబడొచ్చు. కాన్పు తర్వాత బిడ్డకు తోడు, వైద్యం, ప్రయాణం వాయిదా, ఏది నిజమైతే అది రాయండి, తేదీలతో సహా.

వేసినంక జవాబు రానీకి నెలలు పడతది. వేళకు వేసిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతసేపు ఐ-94 తేదీ దాటినా అక్రమంగ ఉన్నట్టు లెక్కపెట్టరు. గని కాదన్నరంటే మరునాటి నుంచి లెక్క మొదలైతది, పైగ పదేండ్ల స్టిక్కర్ కూడ చెల్లకుంట పోయే ప్రమాదం ఉన్నది. అందుకే కారణం గట్టిది కాకపోతే, తేదీ లోపల ఇంటికి వచ్చుడే మంచిదని మా అభిప్రాయం. దరఖాస్తే వేయకుంట గడువు దాటి ఉన్నోళ్లకు ఇంకా గట్టిగ పడతది. ఒక్క రోజు దాటినా ఆ వీసా రద్దయినట్టే. 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేండ్లు లోపలికి రానియ్యరు. ఏడాది దాటితే పదేండ్లు.

మధ్యల కెనడాకో మెక్సికోకో పోయి వస్తే ఆరు నెలలు కొత్తగ మొదలైతదని ఒక నమ్మకం ఉన్నది. నెల లోపల తిరిగొస్తే మామూలుగ పాత తేదీయే నడుస్తది. పిల్లలు నయాగరా చూపిస్తమని తీసుకపోయి అవతలి ఒడ్డుకు దాటిద్దామనుకుంటే ఇంకోటి, కెనడాకు మనకు వేరే వీసా కావాలె, అమెరికా వీసా చూపెడితే రానియ్యరు. మెక్సికో రానిస్తది, అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే చాలు.

ఇంకొక మాట చెప్పి అమెరికా వదిలేస్తం. మన శంషాబాద్‌ల పోయేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్ల ముద్ర వేస్తరు కద, అమెరికాలో వెళ్లిపోయేటప్పుడు అసుంటి కౌంటరే లేదు. మీరు పోయినట్టు వాళ్లకు ఎక్కువగ విమానం కంపెనీ పంపే ప్రయాణికుల జాబితాతో తెలుస్తది. రోడ్డు మీద దాటిపోయినోళ్ల రికార్డు పడకుంట మిగిలే అవకాశం ఉన్నది. బోర్డింగ్ పాసులు చించేయొద్దు. వచ్చినంక మన దగ్గర పడ్డ దిగిన ముద్ర, ఆ బోర్డింగ్ పాసు రెండూ ఒక కవర్లో వేసి మల్ల పోయేదాక దాచాలె. మీరు గడువు లోపలే వెళ్లిపోయిన్రని అవసరమైనప్పుడు అదే సాక్ష్యం.

మిగతా దేశాలు తొందరగ చెప్తం. కెనడాలో సందర్శకుల వీసాకు మామూలుగ ఆరు నెలలే. తల్లిదండ్రులకు, తాత నానమ్మలకు సూపర్ వీసా అని ఉన్నది. 2022 జులై నుంచి ఒక్కసారి పోతే ఐదేండ్లు ఉండనిస్తరు, దానికి లక్ష కెనడా డాలర్లకు తగ్గకుంట ఆరోగ్య బీమా ఉండాలె, పిల్లల ఆదాయానికి ఒక కనీస హద్దు ఉంటది. ఇంగ్లండు సందర్శకుల వీసా రెండేండ్లదైనా, పదేండ్లదైనా ఒక విడతకు ఆరు నెలలు దాటొద్దు. ఆస్ట్రేలియా సందర్శకుల వీసాను 600 అంటరు, అందులో 8503 అనే షరతు నంబరు ఉన్నదా చూడాలె. ఉంటే అక్కడున్నంతసేపు ఇంకో వీసాకు దరఖాస్తు పెట్టనియ్యరు, వాపస్ రావాల్సిందే. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెంగెన్ దేశాలకు 180 రోజుల కిటికీలో 90 రోజులు. దిగిన రోజు, పోయిన రోజు రెండూ లెక్కకొస్తయి. ఆ కిటికీ రోజూ ముందుకు జరుగుతనే ఉంటది, జనవరి ఒకటి నుంచి మొదలయ్యేది కాదు. ఉన్న ప్రతి రోజున, అక్కడ్నుంచి వెనక్కి 180 రోజులు లెక్కబెట్టి చూడాలె. 2025 అక్టోబర్ నుంచి ముద్రల బదులు కంప్యూటర్లో ఎక్కించుడు మొదలైంది, కాబట్టి ముద్ర సరిగ్గ పడలేదని తప్పించుకునే రోజులు పోయినయి.

దుబాయి దిక్కు పోయేటోళ్లకు రెండు మాటలు. విజిట్ వీసా 30 రోజులదో 60 రోజులదో ఇస్తరు. ఇచ్చిన తేదీ నుంచి 60 రోజుల లోపల దిగాలె, ఉండే రోజులు దిగినప్పటి నుంచి లెక్క. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు. నెల దాటి ఉంటే 1500 దిర్హాములు, మన పైసల్లో ఎంతైతదో మీరే లెక్కేసుకోండి. దాటినంక పది రోజులు విడుపు ఉంటదని ఇప్పటికీ చెప్పే ఏజెంట్లు ఉన్నరు, దుబాయిలో అది 2023లోనే పోయింది. ఇంకోటి, పాస్‌పోర్టులో ఒక్కటే మాట పేరు ఉండి రెండో పెట్టె ఖాళీగ ఉన్నోళ్లకు 2022 నవంబర్ నుంచి దుబాయి ఉన్న యూఏఈ దేశం విజిట్ వీసాకు చిక్కు పెట్టింది. మన దిక్కు పాత పాస్‌పోర్టుల్లో ఒట్టి ‘ఎల్లయ్య’, ఒట్టి ‘లక్ష్మమ్మ’ అని ఉన్నయి చానా. పాస్‌పోర్టు మళ్ల చేయించుకునేటప్పుడు ఇంటిపేరు విడిగ రాయించాలె. ఇగ పదో తరగతి పాసు కానోళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటది, ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అన్నదానికి పొట్టి రూపం. అసుంటోళ్లను పనికని చెప్పి విజిట్ వీసా మీద ఎక్కించే ఏజెంటు మాట వినొద్దు. పనికైతే ఈ-మైగ్రేట్ అనే మన సర్కారు సైటులో అనుమతి తీసుకొనే పోవాలె. విజిట్ వీసా మీద పని చేసినోనికి జీతం ఇయ్యకపోతే అడిగే దారి ఉండదు.

ఇప్పుడు బండి సంగతి.

మొదట లైసెన్సు. యాభై ఐదేండ్లు దాటినోళ్లకు మన లైసెన్సు ఐదేండ్లకే ఇస్తరు. 2019 సవరణ నుంచి గడువు తీరక ముందు ఏడాదిలో ఎప్పుడైనా రెన్యువల్ చేసుకోవచ్చు, తీరినంక ఏడాది దాక పరీక్ష లేకుంట చేసిస్తరు. అంతకుముందు ఉన్న నెల రోజుల విడుపు ఇప్పుడు లేదు. తీరిన మరునాడు నడిపితే లైసెన్సు లేనట్టే. ఆర్నెల్లు పోయేటోళ్లు ఇక్కడే ముందు రెన్యువల్ చేయించుకొని పోవాలె, ఎందుకంటే దాని మీద కట్టేదే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్.

ఈ పర్మిట్‌ను ఐడీపీ అంటం. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది. చిన్న పుస్తకం. ఫారం 4ఏ నింపాలె, ఆర్టీఏ ఫీజు వెయ్యి రూపాయలు, దానికి సర్వీసు చార్జీ కలుస్తది. లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా, టికెట్ జిరాక్సులు, ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ జతచేయాలె. ఏడాది చెల్లుతది, లైసెన్సు అంతకుముందే తీరితే ఆ రోజుతోనే ఇది కూడ పోయింది. 2022 ఆగస్టు నుంచి దేశమంతా ఒకే తీరుగ, క్యూఆర్ కోడ్‌తో ఇస్తున్నరు. లైసెన్సు ఏ ఆర్టీఏలో ఉన్నదో అక్కడే అడగాలె. టీజీ 05 నల్లగొండ, 06 మహబూబ్‌నగర్, 29 సూర్యాపేట, 31 నాగర్‌కర్నూల్, 33 గద్వాల, ఇట్ల. ఐడీపీ ఒక్కటే పట్టుకపోతే నడవదు, అసలు లైసెన్సు కార్డు జతగ ఉండాలె. అది మీ లైసెన్సుకు అనువాదం లాంటిది.

ఇందులో ఎక్కువగ ఆగేది పేరు దగ్గర. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగ ఉంటది, చివర రెడ్డో, గౌడో, నాయకో ఉంటది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగ ముందు ఉండి, చివరిది మాయమైతది. మనకు ఇద్దరూ ఒక్కరే. అక్కడ కారు కిరాయికిచ్చే కౌంటర్ మీద ఉన్నోనికి ఇద్దరు మనుషులు. పాత బుక్కు లైసెన్సు ఉంటే స్మార్ట్ కార్డుకు మార్చుకునేటప్పుడే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయించండి. పేరు మార్పుకు రుజువు అడుగుతరు, పాస్‌పోర్టే రుజువు.

అమెరికాలో లైసెన్సు నియమం రాష్ట్రానికి ఒకటి. కాలిఫోర్నియాలో చుట్టపుచూపుగ వచ్చినోళ్లు సొంత దేశం లైసెన్సు చెల్లినన్నాళ్లు నడపొచ్చు. అక్కడ నివాసం పెట్టుకున్నోళ్లకు మాత్రం పది రోజుల్లో ఆ రాష్ట్ర లైసెన్సుకు దరఖాస్తు చేయాలె. మిగతా రాష్ట్రాల నియమం ఆ రాష్ట్రం మోటారు శాఖ సైటులో చూడాలె, పక్కింటాయన చెప్పింది కాదు. దానికన్న ముఖ్యం బీమా. కొడుకు కారు నడుపుతున్నరంటే కొడుకు పాలసీలో మీ పేరు డ్రైవర్‌గ ఎక్కించిన్రా లేదా కంపెనీకి ఫోన్ చేసి అడిగించాలె. లైసెన్సు సరిగ్గ ఉన్నా బీమాలో పేరు లేకపోతే, గుద్దిన నాడు క్లెయిమ్ కాడ కథ మొదలైతది. పిల్లలది కూడ ఒకటి చెప్తం. హెచ్1బీ మీద ఉన్నోళ్ల డ్రైవింగ్ లైసెన్సు చాలా రాష్ట్రాల్లో వాళ్లు ఉండే గడువుకే ముడిపడి ఉంటది. పొడిగింపు కాగితం రాకముందే లైసెన్సు తీరిపోవచ్చు. అమ్మానాన్నలను ఎయిర్‌పోర్టుకు తీసుకురానీకి పోయే ముందు పిల్లగాడు తన కార్డు కూడ చూసుకోవాలె.

ఇంగ్లండులో పన్నెండు నెలలు మన లైసెన్సు మీదనే కారు నడపొచ్చు. దుబాయిలో విజిట్ వీసా మీదున్నోళ్లకు ఐడీపీతో కిరాయి కారు ఇస్తరు. రెసిడెన్సీ వీసా పడ్డ నాటి నుంచి అది పనికిరాదు, అక్కడి లైసెన్సు తీసుకోవాలె. ఈ మధ్య రోజుల్లోనే పట్టుబడతరు, వీసా మారింది గని జేబులో ఐడీపీ అదే ఉంటది. కిరాయి కారు తిరిగిచ్చినంక కూడ సాలిక్ టోల్, కెమెరా జరిమానాలు మీ కార్డు మీదకే వస్తయి.

(వెనక నుంచి: ఇంట్ల కారు ఆర్నెల్లు నిలబెడితే?)

బీమా తీరిన తేదీ నుంచి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే, ఇన్నేండ్లు కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతది. ఫోన్లనే చేసుకోవచ్చు, పోయే ముందు తేదీ రాసిపెట్టుకోండి. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి పోండి.

ఇప్పుడు సొంత బండితో దేశం దాటుడు. మనకు అందేది మొదట నేపాల్, భూటాన్. జడ్చర్ల మీదుగ పోయే 44 నంబరు హైవే పట్టుకొని నాగపూర్ దాటి, ఉత్తరప్రదేశ్‌ల నేపాల్ సరిహద్దు మీదున్న సునౌలీ దాక పోయేటోళ్లు ఉన్నరు. నేపాల్‌కు మనకు వీసా లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చాలు. నడి వయసోళ్లకు ఆధార్ అక్కడ గుర్తింపుగ చెల్లదు. మనిషికి పర్మిట్ లేకున్నా బండికి ఉన్నది, దాన్ని భన్సార్ అంటరు, కస్టమ్స్ చిట్టీ. ఎన్ని రోజులకు కావాలో చెప్పి రోజు లెక్కన పైసలు కట్టాలె. ఒక ఏడాదిలో, అంటే వాళ్ల ఆర్థిక సంవత్సరంలో, మన బండికి మొత్తం 30 రోజులే.

ఆ చిట్టీని చేతిల పట్టుకొని చూడండి. తేదీలు నేపాలీ అంకెల్లో, విక్రమ సంవత్‌లో ఉంటయి. మన 2025 ఏప్రిల్ నడిమిట్ల వాళ్లకు 2082 మొదలైంది. నెలలు వైశాఖం, జ్యేష్ఠం అని నడుస్తయి, నెలలో 32 రోజులు కూడ ఉంటయి. మన ఫోన్ల ఉన్న తేదీకి దానికి పొత్తు కుదరదు. కౌంటర్ మీద చిట్టీ తీసుకునేటప్పుడే ‘ఏ రోజు దాక’ అని ఇంగ్లిషు తేదీ అడిగి, చిట్టీ వెనక సొంత చేత్తో రాసుకోవాలె. రోజులు ఒకటి రెండు ఎక్కువకు కట్టుడే నయం. కొండల్లో మట్టిపెళ్లలు విరిగిపడి రోడ్డు రెండు రోజులు మూసుకపోవుడు వానకాలంలో మామూలు, గడువు దాటితే జరిమానా రోజు లెక్కన పడతది. తిరిగొచ్చేటప్పుడు ఆ చిట్టీ చెక్‌పోస్టులో వాపస్ ఇచ్చి, బండి బయటికి పోయినట్టు రాయించాలె. ఇయ్యకుంట దాటి వచ్చేస్తే రికార్డులో బండి నేపాల్లోనే ఉన్నట్టు ఉంటది. మళ్ల పోయిన్నాడు ఆ పాత లెక్క తీస్తరు.

భూటాన్‌కు మనిషి పర్మిట్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్‌లో ఇస్తరు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలె, ఇక్కడ కూడ ఆధార్ చెల్లదు. భారతీయులకు రాత్రికి మనిషికి 1200 రూపాయలు ఎస్‌డీఎఫ్, అంటే ఆ దేశం చూడవచ్చినోళ్ల దగ్గర తీసుకునే రుసుము, కట్టాలె. బండి లోపలికి పోవాలంటే అది వేరే పర్మిట్, వేరే ఫీజు, వేరే కౌంటర్. నలుగురు పది రోజులుంటే మనుషుల ఫీజే 40 వేలకు మించుతది, బండికి మల్ల వేరే. అందుకే చానామంది బండి సరిహద్దుల ఆపి అక్కడి ట్యాక్సీ మాట్లాడుకుంటరు. లెక్క చూసుకుంటే అదే నయం.

ఈ రెండిటికీ బీమా సంగతి పోయే ముందే చూడాలె. మన మోటారు పాలసీ భారతదేశం సరిహద్దు దాక. ఐఎంటీ 1 అనే ఎండార్స్‌మెంట్ కొంటే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాలకు పాకుతది. ప్రీమియం పెద్దగ ఉండదు, గని పోయినంక అడిగితే ఇయ్యరు.

ఇంకా దూరం పోవాలంటే, దుబాయి మీదుగ ఇరాన్ అనో, ఆఫ్రికా అనో, కార్నే కావాలె. పూర్తి పేరు కార్నే ద పసాజ్ ఆన్ దువాన్. బండికి పాస్‌పోర్టు అనుకోండి. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తది. బండిని పన్ను కట్టకుంట లోపలికి తీసుకపోయి, అమ్మకుంట బయటికి తెస్తనని హామీ అది. ఆ హామీకి మీరు బ్యాంకు గ్యారంటీ పెట్టాలె, ఎంత అన్నది బండి విలువను బట్టి, పోయే దేశాలను బట్టి. గడువు ఏడాది.

అందులో ఒక్కో పేజీ మూడు ముక్కలుగ ఉంటది. దేశంలోకి పోయేటప్పుడు కస్టమ్స్ ఆయన కింది ముక్క చింపుకొని, పై ముక్క మీద ముద్ర వేస్తడు. బయటికొచ్చేటప్పుడు నడిమి ముక్క చింపుకొని, పై ముక్క మీదనే రెండో ముద్ర వేస్తడు. పై ముక్క మీదగ్గర మిగులుతది. దాని మీద రెండు ముద్రలుంటేనే ఆ దేశం లెక్క తెగినట్టు. అర్ధరాత్రి చెక్‌పోస్టు, లైను పొడుగు, ఆయన నిద్రమత్తుల పాస్‌పోర్టుకు ముద్ర కొట్టి ‘పో పో’ అంటడు. మనిషికి ముద్ర పడ్డది, బండికి పడలేదు. గేటు దాటితే పని ఖరాబైనట్టే. బండి వాళ్ల దేశంలోనే అమ్ముకున్నట్టు లెక్కవేసి ఆ పన్ను మీ గ్యారంటీ నుంచి అడుగుతరు, అది బండి ధరకన్న ఎక్కువ కూడ కావొచ్చు. బండి ఇంట్ల ఉన్నా సరే. అప్పుడు మిగిలిన దారి, బండి ఫలాన చోట ఉన్నదని కస్టమ్స్ దగ్గరో రాయబార కార్యాలయం దగ్గరో చూపెట్టి సర్టిఫికెట్ ఆఫ్ లొకేషన్ తెచ్చుకునుడు. వస్తది గని దానికి నెలల పని.

కార్నే మీద చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, స్టెప్నీ టైర్లు ఎన్ని అన్నది కూడ రాస్తరు. దారిల ఇంజిన్ మారిస్తే, రంగు మారిస్తే ఆ లెక్క తప్పుతది. బండి కాలిపోయినా, ముక్కలైనా అక్కడ వదిలేసి రావొద్దు. పోలీసు కాగితం, కస్టమ్స్ కాగితం తీసుకొనే కదలాలె. మన దేశం నుంచి పోయేటప్పుడు మన కస్టమ్స్ ముద్ర కూడ అంతే ముఖ్యం, అది లేకపోతే వాపస్ వచ్చిన్నాడు సొంత బండినే దిగుమతి బండి అంటరు.

అమెరికాలో ఉన్న పిల్లలు కారేసుకొని మెక్సికో పోతమని అంటుంటరు. అక్కడ కార్నే లేదు, టీఐపీ అని తాత్కాలిక పర్మిట్. బాన్‌హెర్సితో అనే బ్యాంకు కౌంటర్ ఇస్తది. డిపాజిట్ 2007, ఆ తర్వాతి మోడల్‌కు 400 డాలర్లు, 2001 నుంచి 2006 దాక 300, అంతకన్న పాతదానికి 200. మెక్సికో ఆఫీసరు పాస్‌పోర్టుల ఎన్ని రోజులు రాస్తే బండికీ అన్నే, 180 దాటవు. సరిహద్దుకు దగ్గరి పట్టీలో, బాహా కాలిఫోర్నియాలో ఆ పర్మిట్ అక్కర్లేదు. వాపస్ వచ్చేటప్పుడు అదే బ్యాంకు కౌంటర్ దగ్గర ఆగి రద్దు చేయించుకోవాలె. ఆగకుంట దాటొస్తే డిపాజిట్ పోతది, మళ్ల బండికి పర్మిట్ ఇయ్యరు. అమెరికా కారు బీమా మెక్సికోల చెల్లదు, అక్కడి కంపెనీది రోజుల లెక్కన కొనాలె. వీసా స్టిక్కర్ తీరి ఒట్టి ఐ-94 మీద ఉన్న హెచ్1బీ పిల్లలను మెక్సికో వీసా లేకుంట రానియ్యదు, అది మరవొద్దు.

(ఒకరు: బండి లోన్ మీద ఉన్నది, మా నాయిన పేరు మీద ఉన్నది, నేపాల్ పోవచ్చా?)

పోవచ్చు తమ్ముడూ. రెండు కాగితాలు తయారు చేయి. ఒకటి, ఆర్సీల ఫైనాన్స్ ఎక్కి ఉన్న బ్యాంకు నుంచి, బండి నేపాల్ తీసుకపోనీకి అభ్యంతరం లేదని లెటర్. రెండోది, నాయిన సంతకంతో, బండి నంబరు, చాసిస్ నంబరు, నీ లైసెన్సు నంబరు, పోయే తేదీలు రాసిన అనుమతి పత్రం, నోటరీ ముద్రతో, ఇంగ్లిషుల. అసలు ఆర్సీ, పొల్యూషన్ కాగితం వెంట ఉంచుకో. ఫోన్ల ఉన్న డిజీలాకర్ మన పోలీసుకు చాలు, సరిహద్దు అవతల చాలదు.

ఫారం 4ఏ కాపీలు గుమ్మం దగ్గర టేబుల్ మీద ఉన్నయి, కావాల్సినోళ్లు తీసుకోండి. పెన్సిల్‌తో నింపుకోండి ముందు. పేరు మాత్రం పాస్‌పోర్టు తెరిచి చూసి, అక్షరం అక్షరం అందులో ఉన్నట్టే రాయండి.